చెవిలో మాటలు వినపడుతున్నాయని సైకియాట్రిస్ట్‌కి చెప్పాలా వద్దా? ఏం చెప్పినా కొట్టిపారేస్తున్నారు

బెజవాడ_అమ్మాయి:

అందరికీ నమస్తే. ఇది ఇంట్లో అడగలేను, ఆఫీసులో అస్సలు అడగలేను, అందుకే ఇక్కడ రాస్తున్నా. కాస్త పొడుగ్గా ఉంటుంది, ఓపిగ్గా చదవండి ప్లీజ్.

నాకు 24. సీఏ ఆర్టికల్‌షిప్ చేస్తున్నా. పోయినేడాది నుంచి డిప్రెషన్, యాంగ్జైటీ అని ఇక్కడే, నాన్నకి తెలిసిన ఒక సైకియాట్రిస్ట్‌కి చూపించుకుంటున్నా. డిప్రెషన్‌కి ఎస్సిటలోప్రామ్ వాడుతున్నా, రాత్రికి ఆందోళన తగ్గడానికి క్లోనజెపామ్ ఇంకోటి. మొదట్లో బాగానే పనిచేశాయి, ఏడుపు తగ్గింది, మళ్ళీ ఆఫీసుకి వెళ్ళగలిగా, ఆ విషయంలో ఆయనంటే నాకు గౌరవమే. కాకపోతే మందు రాయడం తప్ప మన మాట వినరు. మనం ఒక వాక్యం పూర్తి చేసేలోపు ఆయన చీటీ రాయడం పూర్తయిపోతుంది, బెల్ కొట్టేస్తారు, నెక్స్ట్ పేషెంట్ లోపలికి వచ్చేసి ఉంటాడు.

అసలు విషయం ఏంటంటే, కొన్ని నెలల క్రితం నిద్ర పట్టే టైంలో ఎవరో నా పేరు పెట్టి పిలిచినట్టు ఉండేది. అది చెప్పాను ఆయనకి. నవ్వేసి "రాత్రిళ్ళు ఫోన్ చూడటం మానెయ్యమ్మా, అన్నీ అవే పోతాయి, ఇవన్నీ గూగుల్‌లో చదువుకుని రావద్దు" అన్నారు. నాన్న పక్కనే కూర్చుని ఉన్నారు, ఆయన కూడా నవ్వారు. ఇంక నేనేం మాట్లాడలేదు.

ఇప్పుడు అది పగలు కూడా వస్తోంది. మోటారు వేసినప్పుడో మిక్సీ తిరిగేటప్పుడో ఆ సౌండ్ వెనకాల ఇద్దరు ఆడవాళ్ళు మాట్లాడుకుంటున్నట్టు ఉంటుంది, అదీ నా గురించే. "చూడు, లేచింది", "ఇప్పుడు స్నానానికి పోతుంది" ఇలా. మోటారు కట్టేసినా ఒక్కోసారి కాసేపు ఆగవు. ఆఫీసులో ఎవరైనా మెల్లగా మాట్లాడుకుంటే నా గురించే అని గట్టిగా అనిపిస్తుంది, కాసేపయ్యాక ఛ కాదులే అని నాకే అనిపిస్తుంది. నిద్ర బాగా తగ్గిపోయింది, రెండింటికో మూడింటికో మెలకువ వచ్చేసి ఇంక పట్టదు.

వచ్చే గురువారం అపాయింట్‌మెంట్. చెప్తే మళ్ళీ నవ్వుతారేమో అని ఒక భయం. నవ్వకుండా సీరియస్‌గా తీసుకుంటే ఇంకా పెద్ద భయం, నాన్న ముందే "స్కిజోఫ్రీనియా" అనో "వైజాగ్ తీసుకెళ్ళి అడ్మిట్ చేయండి" అనో అంటే నా బతుకేంటి. ఇంట్లో సంబంధాలు చూస్తున్నారు. అమ్మ ఇప్పటికే దిష్టి అని తాయెత్తు కట్టించింది. ఒక్కోసారి "బాగానే ఉంది సార్" అనేసి పాత మందులే తెచ్చుకుందామా, లేదంటే మందుల వల్లే ఇదంతా ఏమో అన్నీ మానేసి చూద్దామా అనిపిస్తోంది. మీరైతే ఏం చేస్తారు?

కరీంనగర్_పోరడు:

చెల్లె, ముందుగాల ఒక్కటి చెప్త, గోళీలు మాత్రం నీ అంతట నువ్వు బంజెయ్యకు. ముఖ్యంగ ఆ క్లోనజెపామ్, రోజూ వేసుకునేది ఒక్కసారే ఆపితే కొందరికి ఫిట్స్ సుత వస్తయి. గురువారం దాంక ఎట్లున్నయో అట్లనే వేస్కో.

చెప్పాల్నా వద్దా అంటే చెప్పాలె. ఎట్ల చెప్పాలె అన్నదే అసలు ముచ్చట. నాది చెప్త ఇను. నాకు కొన్నేండ్ల కింద రిస్పెరిడోన్ అని, గొంతులు ఇనవడే అసొంటి బాధలకు ఇచ్చే గోళీ పెట్టిండ్రు. గోళీ షురువైన వారం లోపట్నే కాళ్ళు ఒక్క తాన నిలుస్తలెవ్వు, కూసుంటే కూసోనియ్యది, పంటే పండనియ్యది, బస్సుల సీటు దొరికినా లేసి నిలవడేటోణ్ణి, లోపల ఎవరో మోటరు తిప్పినట్టు. డాక్టర్‌కు చెప్తే "టెన్షన్ అది, తగ్గుతది" అని ఇంకింత డోస్ పెంచిండు. పెంచినంక ఇంకా ఎక్కువైంది.

తర్వాతి సారి నేను నోటితోని చెప్పుడు బంజేసిన. మా తమ్ముడు ఒక కాయితం మీద రాసిచ్చిండు, గోళీ ఏ తారీఖుకు షురువైంది, కాళ్ళ బాధ ఏ తారీఖుకు షురువైంది, డోస్ ఎన్నడు పెరిగింది, బాధ ఎన్నడు పెరిగింది, అంతే, ఇంకేం లేదు. లోపలికి పోంగనే సార్ పెన్ను పట్టకముందే టేబుల్ మీద పెట్టిన. చదివిండు, చదివి నన్ను కూసోమని కాళ్ళ దిక్కు చూసిండు, నిలవడమని చూసిండు. దీన్ని అకతీసియా అంటరు, ఆ మందుతోని వచ్చేదే అని అప్పుడు చెప్పి డోస్ తగ్గించి ప్రొప్రనొలాల్ రాసిండు. డాక్టర్ ఆయ్ననే, రూము అదే. అందుకే అంటున్న, నువ్వు సుత రాసుకపో. "నాకు భయమైతుంది సార్" అంటే ఎవ్వలైనా టెన్షన్ అనే అంటరు, "ఫలానా తారీఖు నుంచి పగలు మెలకువల ఉన్నప్పుడు రెండు గొంతులు ఇనవడుతున్నయి" అంటే అట్ల అననీకి రాదు.

సైక్_రెసిడెంట్_ఏపీ:

నేను సైకియాట్రీలో రెసిడెంట్‌గా (పీజీ చదువుతూ పనిచేసే డాక్టర్‌గా) ఉన్నాను. మిమ్మల్ని చూడకుండా ఇక్కడ డయాగ్నసిస్ చెప్పను, చెప్పకూడదు. కానీ మీరు రాసిన దాంట్లో ఒక ముఖ్యమైన విషయం మీరు గమనించారో లేదో.

ఆయన నవ్వింది నిద్రలోకి జారుకునేటప్పుడు పేరు పిలిచినట్టు ఉండటం గురించి. అది ఏ జబ్బూ లేని వాళ్ళకీ వస్తుంది, చాలా మామూలు, ఆయన ఆ మాట నవ్వకుండా చెప్పుండాల్సింది అది వేరే సంగతి. పగటిపూట పూర్తి మెలకువలో ఇద్దరు మీ గురించి మాట్లాడుకోవడం అనేది మాత్రం పూర్తిగా వేరే లక్షణం. దాని గురించి ఆయనకి ఇంతవరకు తెలీదు. అంటే ఆయన కొట్టిపారేసింది ఇప్పుడు మీకున్న సమస్యని కాదు. "ఒకసారి చెప్పా, వినలేదు" అని మీరు అనుకుంటున్నారు కానీ ఇది ఇంకా ఒక్కసారి కూడా ఎవరికీ చెప్పలేదు.

దీనికి కారణాలు చాలా ఉంటాయి, అందుకే మనమే తేల్చుకోకూడదు. డిప్రెషన్ బాగా ముదిరితే అందులోనే మాటలు వినపడటం, అందరూ నన్నే చూస్తున్నారనిపించడం ఉండొచ్చు. కొంతమందిలో లోపల బైపోలార్ (కొన్నాళ్ళు డిప్రెషన్, కొన్నాళ్ళు అతి ఉత్సాహం వచ్చే జబ్బు) ఉండి, పైకి డిప్రెషన్‌లా కనపడి, ఎస్సిటలోప్రామ్ లాంటివి ఇచ్చాక ఆ అతి ఉత్సాహం వైపు తిరుగుతుంది, అప్పుడు నిద్ర తగ్గినా నీరసం ఉండదు, మాట స్పీడ్ పెరుగుతుంది, ఆలోచనలు పరిగెడతాయి, ఇలాంటివి మీకు ఉన్నాయో లేదో కూడా చూసుకుని చెప్పండి. రోజుల తరబడి నిద్ర లేకపోయినా వస్తాయి. థైరాయిడ్, బీ12 తక్కువవడం, ఒక రకం ఫిట్స్, స్టెరాయిడ్ బిళ్ళలు, గంజాయి, ఇవన్నీ కూడా లిస్టులో ఉంటాయి, అందుకే రక్త పరీక్షలు, అవసరమైతే ఈఈజీ (మెదడు పనితీరు చూసే పరీక్ష) రాస్తాం. సైకోసిస్ (లేనివి వినపడటం, లేనివి నిజమని నమ్మడం) మొదలవుతుండటం కూడా ఒక అవకాశం, అది దాచను. కానీ మాటలు వినపడ్డాయంటే స్కిజోఫ్రీనియా అని ఒక్క విజిట్‌లో ముద్ర వేసే పద్ధతి లేదు. లక్షణాలు కనీసం నెల రోజులు, ఇంకో లెక్కలో అయితే ఆరు నెలలు ఉండాలని పుస్తకాలే చెప్తాయి, మిగతా కారణాలన్నీ తీసేశాకే ఆ మాట.

ఇప్పుడు మీరు చెప్పలేదనుకోండి. నిద్ర లేదు, ఆందోళనగా ఉంది అని మాత్రమే చెప్తే ఆయన ఎస్సిటలోప్రామ్ పెంచొచ్చు, తన దగ్గరున్న సమాచారానికి అది సరైన నిర్ణయమే. కానీ లోపల ఉన్నది బైపోలార్ అయితే ఆ పెంచడమే ప్రమాదం. సైకోసిస్‌తో కూడిన డిప్రెషన్ అయితే ఒక్క యాంటీడిప్రెసెంట్ సాధారణంగా సరిపోదు, ఇంకో మందు కలపాలి. ఏ కారణమైనా సరే మొదట్లో పట్టుకుంటే బాగవడం తేలిక. మీకు ఇంకా "కాదులే" అని వెనక్కి తగ్గే ఆలోచన ఉంది చూశారా, అది చాలా మంచి విషయం, అది ఉండగానే వెళ్ళండి.

అడ్మిషన్ భయం గురించి. 2017 మెంటల్ హెల్త్‌కేర్ యాక్ట్ 2018 మే నుంచి అమల్లో ఉంది. మాటలు వినపడుతున్నాయి అన్నంత మాత్రాన మిమ్మల్ని ఎవరూ బలవంతంగా చేర్చలేరు. ఇష్టం లేకుండా చేర్చాలంటే సెక్షన్ 89 ప్రకారం మీ తరఫు ప్రతినిధి దరఖాస్తు పెట్టాలి, ఇద్దరు నిపుణులు విడివిడిగా పరీక్ష చేయాలి, మీవల్ల మీకో ఇంకొకరికో ప్రమాదం ఉందనో, మిమ్మల్ని మీరు చూసుకోలేని స్థితిలో ఉన్నారనో తేలాలి, అదీ మొదట 30 రోజుల వరకే. ఆ ప్రతినిధి ఎవరో మీరే ముందుగా రాసిపెట్టుకోవచ్చు, నాన్నగారే అవ్వాలని లేదు. జబ్బు పేరు రాసినంత మాత్రాన మతిస్థిమితం లేని మనిషి అని అర్థం కాదని కూడా అదే చట్టంలో ఉంది. మీకు 24, మీ వివరాలు గోప్యంగా ఉంచమని అడిగే హక్కు మీది, "సార్, ఐదు నిమిషాలు ఒంటరిగా మాట్లాడాలి" అని అడగండి.

ఒక్క విషయంలో గురువారం దాకా ఆగొద్దు. ఆ గొంతులు మిమ్మల్ని ఏదైనా చెయ్యమని, మీకు మీరు హాని చేసుకోమని చెప్పడం మొదలుపెడితే, లేదా చచ్చిపోవాలనే ఆలోచన వస్తే, అదే రోజు దగ్గర్లోని పెద్దాసుపత్రి క్యాజువాలిటీకి ఎవర్నైనా తోడు తీసుకుని వెళ్ళండి. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416కి ఎప్పుడైనా ఫోన్ చేయొచ్చు, తెలుగులోనే మాట్లాడతారు, డబ్బులేం కట్టక్కర్లేదు.

నైట్‌షిఫ్ట్_నాని:

నేను మాత్రం చెప్పొద్దనే అంటా. మా కజిన్ ఇలాగే చెప్తే ఓలాంజపైన్ అనే మందు పెట్టేశారు, ఆర్నెల్లలో గుర్తుపట్టలేనంత లావయ్యాడు, పొద్దున పదింటి దాకా లేవడు. ముందు యోగా, నిద్ర సరిచేసుకోండి, తర్వాత చూద్దురుగాని.

కరీంనగర్_పోరడు:

నాని అన్నా, మీ కజిన్‌కు అయింది అబద్ధం అంటలేను, ఓలాంజపైన్‌తోని బరువు మస్తు పెరుగుతది, షుగర్ సుత చూస్కోవాలె. కానీ గోళీ అదొక్కటే లేదు గదా, బరువు అంతగ పెంచనియి సుత ఉన్నయి, అరిపిప్రజోల్ అసొంటివి. బరువు పెరిగితే నాకు కష్టం సార్ అని ముందే చెప్తే దాన్ని బట్టి రాస్తరు. అసలు బాధే చెప్పకపోతే ఏ గోళీ అని ఎవ్వలు ఆలోచన చేస్తరు? నిద్ర సరిజేస్కో అంటున్నవు, ఆ పిల్ల రాత్రి రెండు గంటలకు లేసి కూసుంటుంది, నిద్ర ఆమె చేతిల ఉంటే ఈ పోస్టు ఎందుకు పెడ్తది.

తెనాలి_అమ్మ:

అమ్మలూ, నా కొడుకు వయసు దానివి నువ్వు, అందుకని చనువుగా చెప్తున్నా ఏమీ అనుకోకు. మా వాడికి ఇరవయ్యో ఏట ఇలాగే మొదలైంది. వాడు ఎవరికీ చెప్పలేదు, వాణ్ణి నేనేమీ అనను, చెప్తే ఏమంటారో అని వాడికి ఎంత భయంగా ఉండుంటుందో తల్లిగా నాకు తెలుసు. ఇప్పుడు మందులు వేసుకుంటూ ఉద్యోగం చేసుకుంటున్నాడు, ఆదివారం ఆదివారం క్రికెట్‌కి పోతాడు. బతుకు ఏమీ ఆగిపోలేదు.

పైన డాక్టర్ బాబు చెప్పినవన్నీ నిజమే గానీ నాదొక మాట. గురువారం కాగితం పట్టుకుని వెళ్ళు, ఇవ్వు. అప్పటికీ ఆయన నవ్వితే ఇంక ఆ గుమ్మం తొక్కొద్దు. ఊళ్ళో పేరున్నాయన, నాన్నకి తెలిసినాయన అని మొహమాటపడొద్దు, వంట్లో బాలేనప్పుడు మొహమాటం దేనికి. పాత చీటీలన్నీ ఫైల్ చేసి పెట్టుకో, మందుల పేర్లు, ఎప్పుడు మొదలెట్టారు, ఎప్పుడు మార్చారు అన్నీ ఉండాలి. ప్రభుత్వాసుపత్రిలో సైకియాట్రీ ఓపీకి వెళ్ళు, గుంటూరు పెద్దాసుపత్రిలో మేం అలాగే చూపించుకున్నాం. లైను ఉంటుంది, పొద్దున్నే వెళ్ళాలి, కానీ అక్కడ చదువుకునే డాక్టర్లు కూర్చోబెట్టి మొదటి నుంచీ అడిగి రాసుకుంటారు, ఆ తర్వాతే పెద్ద డాక్టర్‌కి చూపిస్తారు. మా వాడి సంగతి మొదటిసారి పూర్తిగా విన్నది అలాంటి ఒక అమ్మాయే.

మీ అమ్మకి చెప్పు. తాయెత్తు కట్టించిందంటే నీకేదో అవుతోందని ఆవిడకి తెలిసిందనే కదా, ఆవిడకి తెలిసిన దారిలో ఆవిడ వెతుకుతోంది. తాయెత్తు ఉండనీ, తీసెయ్యక్కర్లేదు, గొడవ పెట్టుకోవద్దు, మందులు మాత్రం మానొద్దు. నాన్నకి చెప్పడం కష్టంగా ఉంటే అమ్మని తోడు తీసుకుని వెళ్ళు. పెళ్ళి సంగతి ఈ నెలలో ఎవరూ ముహూర్తం పెట్టట్లేదుగా, కొన్నాళ్ళు ఆగమని నేనైతే మీ అమ్మకి చెప్తాను. దాచిపెట్టి పెళ్ళి చేసి, ఆనక కొత్త ఇంట్లో నిద్ర లేక మందులు దాచుకుని వేసుకునే అవస్థ ఏ ఆడపిల్లకీ వద్దు తల్లీ.

బెజవాడ_అమ్మాయి:

అందరికీ చాలా థాంక్స్, ఆంటీ మీ మెసేజ్ చదివి చాలాసేపు ఏడ్చాను. రెసిడెంట్ గారూ, మీరన్నది నిజమే, ఇది నేను ఎవరికీ చెప్పనే లేదు. గొంతులు ఏమీ చెయ్యమనట్లేదు, చచ్చిపోవాలని కూడా లేదు, భయమే ఎక్కువ. నీరసం మాత్రం బాగా ఉంది, స్పీడ్‌గా మాట్లాడటం లాంటివేం లేవు.

నిన్న రాత్రి అమ్మకి కొంచెం చెప్పా. మాటలు వినపడుతున్నాయి అనలేదు, నిద్ర పట్టట్లేదు, భయంగా ఉంది, ఈసారి డాక్టర్ దగ్గరికి నువ్వు రా అన్నా. వస్తానంది.

రెండు డౌట్లు. కాగితం ఇచ్చాక కూడా "ఏం లేదమ్మా" అంటే ఆ నిమిషంలో ఏమనాలి? నాకు ఆయన ముందు నోరు రాదు. ఇంకోటి, ఇదంతా వింటే ఆయన నాన్నకి ఫోన్ చేసి చెప్పేస్తారేమో?

సైక్_రెసిడెంట్_ఏపీ:

మొదటిది. నోరు రాకపోతే ఆ ప్రశ్న కూడా అదే కాగితం కింద రాసేయండి, "ఇది డిప్రెషన్ వల్లా, మందు వల్లా, వేరే ఏదైనానా? ఏ టెస్ట్ చేయిస్తే తెలుస్తుంది?" అని. ఇలా అడిగితే అవునో కాదో అని సరిపెట్టడం కుదరదు, ఏదో ఒకటి ఆలోచించి చెప్పాలి. అయినా ఏం లేదంటే, "సరే సార్, నేను ఈ లక్షణాలు చెప్పానని చీటీ మీద రాయండి, ఇంకో డాక్టర్‌కి కూడా చూపించుకుంటాను" అనండి. ఇందులో అమర్యాద ఏమీ లేదు. మా ఓపీలో ఒక్కో పూట జనం ఎంత ఉంటారంటే అలిసిపోయి మేమూ మాట తుంచేస్తుంటాం, కానీ ఆ తొందర భారం పేషెంట్ మొయ్యకూడదు. మీ మెడికల్ రికార్డు అడిగి తీసుకునే హక్కు కూడా అదే చట్టంలో ఉంది, సెక్షన్ 25.

రెండోది. సెక్షన్ 23 ప్రకారం ఆయన మీ విషయం గోప్యంగా ఉంచాలి. ప్రాణానికి ముప్పు ఉన్నప్పుడు, ఇంకొకరికి హాని జరగబోతున్నప్పుడు, కోర్టు అడిగినప్పుడు, ఇలాంటి కొన్ని సందర్భాల్లో మినహాయింపులు ఉన్నాయి. మీరు రాసిన దాంట్లో అలాంటిదేం నాకు కనపడలేదు. అయితే మన ఊళ్ళలో చట్టం ఒకటి, అలవాటు ఇంకోటి, ఆయన నాన్నగారికి తెలిసినవారు కూడా కాబట్టి ముందే నోటితో చెప్పండి, "నేను చెప్పేవరకు నాన్నకి చెప్పొద్దు సార్" అని. మీరు అంత స్పష్టంగా అడిగాక చాలామంది డాక్టర్లు ఆగుతారు.

బెజవాడ_అమ్మాయి:

రాశాను. ఇది చాలా, ఇంకేమైనా కలపాలా చూడండి.

"సార్, ఇది కొత్త సమస్య, ఇంతకుముందు చెప్పింది కాదు. ఈ నెల మొదటి నుంచి పగలు మెలకువగా ఉన్నప్పుడు ఇద్దరు ఆడవాళ్ళ గొంతులు నా గురించి మాట్లాడుకుంటున్నట్టు వినపడుతోంది. మోటారు, మిక్సీ సౌండ్‌లో ఎక్కువ. సౌండ్ లేకపోయినా ఒక్కోసారి వస్తుంది. ఆఫీసులో అందరూ నా గురించే మాట్లాడుకుంటున్నారని అనిపిస్తుంది, తర్వాత కాదని తెలుస్తుంది. నిద్ర తగ్గింది. మందులు ఒక్కటి కూడా మానలేదు. ఇది డిప్రెషన్ వల్లా, మందు వల్లా, వేరేదా? ఏ టెస్ట్ చేయించాలి? మీతో ఐదు నిమిషాలు ఒంటరిగా మాట్లాడాలి."

కరీంనగర్_పోరడు:

మంచిగుంది చెల్లె. ఆఖరి లైను మీదికి తే, అదే ముందుగాల చదవాలె సార్. తారీఖు సుత ఎయ్యి, "ఈ నెల మొదటి నుంచి" అంటే ఎన్నటి సంది అనేది యాదికున్నంత వరకు రాయి.

సైక్_రెసిడెంట్_ఏపీ:

నిద్ర తగ్గింది అని కాకుండా ఎన్నింటికి పడుకుంటున్నారు, ఎన్నింటికి లేస్తున్నారు అని రాయండి. గొంతులు ఏమీ చెయ్యమనట్లేదు, చనిపోవాలనే ఆలోచనలు లేవు అన్నది కూడా రాయండి, ఆయన మొదట అడగాల్సింది అదే. వేరే మందులేమైనా, ఆయుర్వేదం అయినా సరే, వాడుతుంటే పేర్లు రాయండి. ఇంట్లో ఎవరికైనా ఇలాంటి సమస్య ఉందేమో అమ్మని అడిగి వెళ్ళండి.

తెనాలి_అమ్మ:

రెండు కాపీలు తీయించు, ఒకటి నీ ఫైల్లో ఉండాలి. గురువారం పొద్దున ఏదైనా తిని వెళ్ళు, ఖాళీ కడుపుతో కూర్చుంటే దడ ఇంకా ఎక్కువవుతుంది. వచ్చాక ఇక్కడ ఒక మాట రాయమ్మా, ఎదురుచూస్తుంటాను.